రాజుగారి కలలో సొరపందిరి

ఒకానొక కాలాన, ఏటి ఒడ్డున కనకవీడు అనే రాజ్యం ఉండేది. దాన్ని వీరమార్తాండ భూపతి ఏలుతూ ఉండేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ తన గొప్పతనం మీద ఆయనకు అపారమైన నమ్మకం. తాను తుమ్మితే అది మామూలు తుమ్ము కాదనీ, తాను ఆవులిస్తే అందులోనూ ఏదో అర్థం ఉంటుందనీ అనుకునేవాడు. అలాంటివాడికి కలలు మాత్రం మామూలువి ఎందుకు వస్తాయి?

అందుకని రోజూ కొలువు తీరగానే ముందు రాజుగారి కల, ఆ తర్వాతే రాజ్యం పనులు. ఆయన సింహాసనం మీద వెనక్కి వాలి, అరమోడ్పు కళ్లతో, రాత్రి వచ్చిన కలను తీరిగ్గా చెప్పేవాడు. పొలం తగాదా తీర్చమని వచ్చినవాళ్లూ, కాలువకు గండి పడిందని పరుగెత్తుకొచ్చినవాళ్లూ చేతులు కట్టుకుని వినాల్సిందే. కల పూర్తవగానే దివాకరభట్టు లేచేవాడు. కలలకు అర్థం చెప్పడమే ఆయన ఉద్యోగం. స్వప్నశాస్త్ర సార్వభౌముడని బిరుదు. రాజుగారు కలలో గాడిదను చూశానన్నా సరే, అది ఐరావతమేననీ, దూరం వల్ల అలా కనిపించిందనీ నిరూపించగల దిట్ట.

అదే కొలువులో మాచన అనే హాస్యగాడు ఉండేవాడు. ఏటికి అవతలి గట్టున సాలెవాడలో, మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాడు. మాట నేర్పు వల్ల కొలువులో చోటు సంపాదించుకున్నాడు. రాజుగారి కలలు వినీ వినీ, కళ్లు తెరిచి నిద్రపోవడం కూడా అతనికి అలవాటైంది.

మార్గశిర మాసంలో ఒకనాడు రాజుగారు కొలువుకు వచ్చి, ఎప్పటిలా వెనక్కి వాలకుండా సింహాసనం అంచున కూర్చున్నాడు.

"తెల్లవారుజామున ఒక తోటలో ఉన్నాను" అన్నాడు. "తల పైన ఆకాశం ఆకుపచ్చగా ఉంది. అందులో తెల్లటి నక్షత్రాలు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. కాళ్ల కింద నేల తడిగా, మెత్తగా ఉంది. ఏదో వాసన. ఇదీ అని చెప్పలేను. అలా నడుస్తూ ఉంటే చల్లటి చెయ్యి ఒకటి వచ్చి నా చెంప నిమిరింది. పొడుగాటి, నున్నటి చెయ్యి. ఎదురుగా ఏరు. ఏటికి అవతల, మంచులోంచి మన కోట బురుజు, బంగారం పోత పోసినట్టు..."

సభలో ఎవరూ కదల్లేదు. గండి సంగతి చెప్పుకోవడానికి వచ్చిన రైతు కూడా కాసేపు గండిని మరిచిపోయాడు. మాచన ఆకుపచ్చ ఆకాశం దగ్గరే నిద్రలోంచి లేచి కూర్చున్నాడు.

"మెలకువ వచ్చాక నాకు ఏడుపొచ్చింది" అన్నాడు రాజు చిన్నగా. అంతలో తాను రాజునని గుర్తొచ్చి గట్టిగా దగ్గాడు.

దివాకరభట్టు లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు. "మహాప్రభూ! తమరు దర్శించినది సాక్షాత్తూ ఇంద్రుడి నందనవనం. ఆకుపచ్చ ఆకాశం అంటే కల్పవృక్షాల నీడ. నక్షత్రాలంటే పారిజాతాలు. ఇక చెంప నిమిరిన చెయ్యి రంభదా, మేనకదా అన్నది కొంచెం విచారించాలి."

"రంభదే అయి ఉంటుంది" అన్నాడు రాజు సిగ్గుపడుతూ.

"రంభదే ప్రభూ! బురుజు కూడా కనిపించింది గనక దేవతలు చోటును సైతం చూపించారు. ఏటికి అవతల, బురుజుకు ఎదురుగా, ఏలినవారు ఆ నందనవనాన్ని భూమి మీదికి దించాలి. ఇది దైవాజ్ఞ."

"అక్కడ ఇప్పుడేముంది?"

"ఏమీ లేదు ప్రభూ. సాలెవాళ్ల పెరళ్లు. ఏవో పాదులు, పిచ్చితీగలు."

"పీకించండి" అన్నాడు రాజు. "నేలంతా చదును చేయించండి. పాలరాతి మెట్లు కావాలి. చందనం మొక్కలు కావాలి. చుట్టూ బంగారు కంచె కావాలి."

భట్టు వేళ్లు లెక్కపెట్టుకుని, శుక్రవారం సూర్యోదయం కాగానే మొదటి పలుగు దించడానికి దివ్యమైన ముహూర్తమని చెప్పాడు.

ఆ మధ్యాహ్నం మాచన దోనె ఎక్కి ఏరు దాటాడు.

సాలెవాడ ఇళ్లకు ముందువైపు మగ్గాలు, వెనకవైపు పెరళ్లు. పెరళ్లన్నీ ఏటి దాకా మెల్లగా పల్లానికి దిగుతాయి. దారానికి పెట్టగా మిగిలిన గంజి నీళ్లన్నీ ఆ మొక్కలకే పోతాయి గనక అక్కడ ఏది వేసినా విరగకాసేది. ఒక పెరట్లో వంగ, బెండ. పక్క పెరట్లో గోంగూర, పొన్నగంటి. ఇళ్ల వెనక గోడల మీద బచ్చలి ఎర్రగా పాకి ఉంటుంది. బావి గట్టున మరువం. బంతులూ చేమంతులూ చోటు దొరికిన చోటల్లా పూసి, ఎండలో వెలిగిపోతూ ఉంటాయి. మాచన చిన్నప్పుడు వాటి మధ్యే ఆడి, అలిసి, ఏ పందిరి కిందో నిద్రపోయేవాడు. ఇప్పుడు అక్కడికి వెళ్లగానే అతనికి మళ్లీ కళ్లు మూతలు పడినట్టయింది. కానీ అప్పటికే రాజభటులు వచ్చి దండోరా వేసి పోయారు. మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి.

పేరమ్మ అనే పెద్దావిడ అతణ్ని చూసి ఎదురొచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆమెను అత్తా అని పిలవడం అతనికి అలవాటు.

"ఒరే మాచా, రాజుకు కలొస్తే మా పాదులు పీకాలా? ఇదెక్కడి న్యాయంరా?" అంది. "ఇంటిల్లిపాదీ మగ్గం మీద కూర్చుంటే, కూర వండుకునేది ఈ పెరటిని నమ్ముకునే గదా. పిల్లకు తల్లో పువ్వు పెట్టాలన్నా ఇదే, జ్వరమొస్తే కషాయానికి తులసైనా ఇదే."

"అత్తా, రాజును కాదనలేం. ఆయన కలను అసలే కాదనలేం" అన్నాడు మాచన. "కానీ ఆయన చెప్పిన కల నేను విన్నాను. నాకు తెలిసిన తోటే అది. నాకు మీరొక సాయం చెయ్యాలి. పెరటికీ పెరటికీ మధ్య ఉన్న ముళ్లకంచెలన్నీ గురువారం సాయంత్రానికి తీసేయండి."

"రాజు పీకించే లోపల మనమే పీకడం ఏమిట్రా?"

"కంచెలు మాత్రమే అత్తా. పాదుల జోలికి పోవద్దు. శుక్రవారం పొద్దున్నే ఒకాయనను తీసుకొస్తాను. ఎవరని అడగొద్దు. పెరట్లోకి వచ్చిన ఏ మనిషితో ఎలా ఉంటావో అలాగే ఉండు."

"ఉంటాను. కానీ వచ్చినవాడెవడైనా నా ఆకుమళ్లు తొక్కితే మాత్రం ఊరుకోను" అంది పేరమ్మ.

కంచెలు తీయడం అంత తేలిగ్గా కాలేదు. ఒకరి కోళ్లు మరొకరి మడిలో పడతాయని కొందరు గొణిగారు. చిక్కుడు తీగ కంచె దాటిన పాపానికి మాటలు మానేసుకున్న ఇద్దరు తోడికోడళ్లు, కంచె ఉన్నందువల్లే ఇన్నాళ్లూ బతికామన్నారు. చివరికి పెరళ్లే పోతే కంచెలెందుకని ఎవరో అన్నాక, అందరూ కలిసి తీశారు. సాయంత్రం వెలుగులో చూస్తే, ఆ చిన్న చిన్న పెరళ్లన్నీ కలిసి ఒకే తోటగా, ఆ చివరి నుంచి ఈ చివరికి, ఏటి దాకా పరుచుకుని ఉన్నాయి. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా కొత్తగా చూశారు.

అదే గురువారం కొలువులో మాచన రాజుగారి ముందు నిలబడి దణ్ణం పెట్టాడు.

"మహాప్రభూ, ఏలినవారి కలలోని తోటను మెలకువలో చూసే భాగ్యం నాకు దొరికింది. అది తయారుగానే ఉంది. కొత్తగా నాటక్కర్లేదు."

రాజు సింహాసనం మీంచి లేచినంత పని చేశాడు. "ఎక్కడ? ఎక్కడ?"

"కలలో చోటు పేరు ఎవరూ చెప్పరు గదా ప్రభూ. కాబట్టి నేనూ చెప్పను. రేపు తెల్లవారుతూ ఉండగా నాతో వస్తే చూపిస్తాను. కాకపోతే ఒక సంగతి. ఆ కలలో తమరి తల మీద కిరీటం ఉందా?"

రాజు ఆలోచించాడు. "లేదు."

"పల్లకి?"

"లేదు. నడిచాను. చెప్పులు కూడా లేవు. నేల తడి తగిలింది గదా."

"అయితే రేపు కూడా అలాగే రావాలి."

భట్టు అదిరిపడ్డాడు. "మహారాజు కాళ్లకు చెప్పులు లేకుండా, కిరీటం లేకుండా, పరివారం లేకుండా నడవడమా? ఇది రాజలక్షణం కాదు!"

"భట్టుగారూ, కలలో ప్రభువులు నడిచిన నడకలో తప్పుందంటారా?" అని అమాయకంగా అడిగాడు మాచన.

భట్టు ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నాడు.

శుక్రవారం ఇంకా సూర్యుడు రాలేదు. ఏరంతా మంచు. రాజు తెల్లటి పంచె కట్టుకుని, ఒక శాలువా కప్పుకుని దోనెలో కూర్చున్నాడు. అంత పొద్దున్నే లేవడం అలవాటు లేనివాడు. తెడ్డు నీళ్లలో పడే చప్పుడు వింటూ వింటూ కునికాడు. మాచన సైగ చేస్తే పడవవాడు దోనెను కాసేపు ఎగువకు, కాసేపు దిగువకు నడిపించాడు. గట్లు కనిపించడం లేదు. పైన తెలుపు, కింద తెలుపు, మధ్యలో దోనె. రాజు ఒకసారి కళ్లు తెరిచి, "మాచనా, మనం లేచామా, ఇంకా పడుకునే ఉన్నామా?" అని అడిగాడు. "అది తేల్చుకోవడానికే పోతున్నాం ప్రభూ" అన్నాడు మాచన.

దోనె మెత్తగా మట్టికి ఆనింది. రాజు దిగాడు. కాళ్లకు తడి నేల తగలగానే ఆగిపోయాడు.

ఎదురుగా పందిరి. దాని నిండా ఆకులు, ఒకదాని మీద ఒకటి, ఆకాశం కనపడనంత దట్టంగా. ఆ పచ్చదనం నిండా తెల్లటి పూలు మంచులో తడిసి, మసక వెలుగులో మిణుకుమిణుకుమంటున్నాయి. రాజు పందిరి కిందికి నడిచాడు. మరువం వాసన, మట్టి వాసన, ఇంకా పేరు తెలియని వాసనలు కలిసి వచ్చాయి. అప్పుడు చల్లటిది, పొడుగాటిది, నున్నటిది ఒకటి మెల్లగా వచ్చి ఆయన చెంపను రాసుకుంది.

"మాచనా!" అని గుసగుసగా అరిచాడు రాజు. "రంభ!"

"కళ్లు తెరిచి చూడండి."

రాజు చూశాడు. పొట్లకాయ. దాని చివర దారంతో ఒక చిన్న రాయి వేలాడుతూ ఉంది.

"రంభకు రాయి ఎందుకు కట్టారు?" అన్నాడు రాజు, ఇంకా కలలోనే ఉన్నవాడిలా.

"వంకర పోకుండా" అని జవాబు వచ్చింది, మాచన నుంచి కాదు. పందిరి గుంజ వెనక నుంచి పేరమ్మ బుట్ట పట్టుకుని వచ్చింది. "అబ్బాయ్, అక్కడ కాలు పెట్టకు! కొత్తిమీర మొలకలు!"

రాజు ఎగిరి పక్కకు దూకాడు. ఇక్కడ కాలు పెట్టకు అని ఆయనకు చెప్పినవాళ్లు పుట్టిన తర్వాత ఇంతవరకూ ఎవరూ లేరు. ఆయనకు కోపం రావాలి, కానీ రాలేదు. కలలో ఎవరికి కోపం వస్తుంది?

"ఊరికే నిలబడకపోతే ఈ బుట్ట పట్టుకో" అంది పేరమ్మ.

రాజు బుట్ట పట్టుకున్నాడు. ఆమె చిక్కుడుకాయలు కోస్తూ ముందు నడిచింది. ఆయన వెనక నడిచాడు. ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి, వంగ మడి దాటి, బంతుల వరస దాటి, బచ్చలి పాకిన గోడ పక్కగా నడుస్తూ ఉంటే తోటకు అంతే లేనట్టుంది. మంచులోంచి ఒక్కో మొక్కా దగ్గరికి వచ్చాకే కనిపించి, దాటగానే మాయమవుతోంది. ఎక్కడో ఒక మగ్గం ఆడటం మొదలుపెట్టింది. ఆయనకు అది ఆ తోట గుండె చప్పుడులా వినిపించింది. ఉత్సాహం పట్టలేక తనూ ఒక కాయ తుంచబోయాడు.

"అది కొయ్యకు నాయనా, విత్తనానికి వదిలాను."

రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అమ్మా, ఈ తోట ఎవరు వేశారు?"

"ఎవరు వేశారంటే ఏం చెప్పను?" అంది పేరమ్మ. "ఆ సొరగింజ మా అత్తగారు ఇచ్చింది. ఈ చిక్కుడు పక్కింటివాళ్లది, ఇటు పాకింది. ఈ బంతి అయితే ఎవరూ వేయలేదు. పండక్కి కట్టిన తోరణం ఎండి రాలితే మొలిచింది. గంజి పోస్తాం, పేడ వేస్తాం. మిగతాది అదే చూసుకుంటుంది."

రాజు ఇక ఆగలేకపోయాడు. బుట్ట పట్టుకునే గట్టిగా ప్రకటించాడు. "ఇదే! ఇదే నా తోట! ఇందులో ఒక్క ఆకు తుంచినవాణ్ని క్షమించను!"

"ఆకు తుంచకపోతే పప్పులోకి ఏం వేసుకోను?" అంది పేరమ్మ.

రాజు ఆలోచించాడు. "పప్పులోకి తుంచవచ్చు. కానీ ఎవడైనా ఇక్కడ పలుగు దించితే, వాడి చేత ఈ తోటంతటికీ కడవతో నీళ్లు మోయిస్తాను! ఎంతటివాడైనా సరే!"

ఆ మాట పూర్తవుతూ ఉండగానే డప్పుల మోత వినిపించింది. ఎండ తగిలి మంచు విడుతోంది. వీధి వైపు నుంచి పలుగులూ పారలూ పట్టుకున్న మనుషులు, వాళ్ల ముందు అక్షింతల పళ్లెంతో దివాకరభట్టు వస్తున్నారు. భట్టు ముహూర్తం మించిపోతుందని తొందరపడుతున్నాడు.

"ఆగండి!" అని రాజు గర్జించాడు. "ఎవడురా నా తోటలో పలుగు దించేది?"

పంచె కట్టుకుని, చిక్కుడుకాయల బుట్ట పట్టుకుని నిలబడ్డ మనిషిని భట్టు ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక పళ్లెంతోనే వంగి దణ్ణం పెట్టాడు. "మహాప్రభూ! ఏలినవారి ఆజ్ఞ మేరకే... నందనవనం కోసం... సాలెవాడ పెరళ్లు..."

రాజు చుట్టూ చూశాడు. వెనక్కి తిరిగి ఏటి వైపు చూశాడు. అవతలి గట్టున కోట బురుజు మొదటి ఎండలో బంగారంలా మెరుస్తూ ఉంది.

"మాచనా, ఇది సాలెవాడా?"

"మెలకువగా ఉన్నవాళ్లు అలా అంటారు ప్రభూ."

పేరమ్మకు అప్పుడు తెలిసింది, తన బుట్ట ఎవరి చేతిలో ఉందో. ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. బుట్ట మాత్రం తీసుకోలేదు.

భట్టు ధైర్యం కూడగట్టుకున్నాడు. "ప్రభూ, ఇది మోసం! శాస్త్రం ఒప్పుకోదు. ఇది సొరపాదు, అది పొట్లపాదు. నందనవనం అన్నాక పారిజాతం ఉండాలి. ఏదీ, ఇక్కడ పారిజాతం ఏదీ?"

అందరూ ఆయన వైపు చూసి నవ్వు ఆపుకుంటున్నారు. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. ఆయన నిలబడ్డదే పారిజాతం చెట్టు కింద. ఎర్ర కాడల తెల్లపూలు రాలి రాలి ఆయన గుండు మీద, భుజాల మీద, చేతిలో అక్షింతల మీద పరుచుకుని ఉన్నాయి.

"భట్టుగారూ" అన్నాడు మాచన, "కల రాజుగారిది. చూసింది ఆయన, నడిచింది ఆయన, మేలుకుని కన్నీళ్లు పెట్టుకున్నది ఆయన. ఇదే ఆ తోట అని ఆయనే అంటున్నారు. మీరు కాదంటున్నారు. పోనీ, ఆ కల మీకేమైనా వచ్చిందా?"

భట్టు తల మీది పువ్వు ఒకటి ముక్కు మీదికి జారింది.

మాచన రాజు వైపు తిరిగాడు. "ప్రభూ, ఒక చిక్కు ఉంది. ఈ తోటను పెంచడానికి ఈ తోటనే పీకమని ఆజ్ఞ వచ్చింది. ఇక్కడ పలుగు దించినవాడు ఎంతటివాడైనా కడవతో నీళ్లు మోయాలని ఇప్పుడే ఇంకో ఆజ్ఞ వచ్చింది. పాపం ఈ మనుషులు చెప్పిన పనికి వచ్చారు. వాళ్లను పంపినవారు ఎవరా అని చూస్తున్నాను. నా నోటితో చెప్పలేను."

రాజు ముఖం ఎర్రబడింది. ఆయన మాచనను చూశాడు, పలుగులను చూశాడు, పొట్లకాయను చూశాడు. దాన్ని రంభ అనుకున్న సంగతి గుర్తొచ్చింది కాబోలు, ముందు గొంతులో చిన్నగా ఏదో కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వు ఆపుకోలేక పందిరి గుంజను పట్టుకుంటే, పైనున్న మంచు నీళ్లన్నీ జలజలమని ఆయన మీదే కురిశాయి.

"కడవ తీసుకురామ్మా" అన్నాడు పేరమ్మతో.

ఆమె వద్దు నాయనా, వద్దు ప్రభూ అంటున్నా వినలేదు. ఏట్లో కడవ ముంచి, భుజాన పెట్టుకుని, సగం నీళ్లు తన మీదే ఒలకబోసుకుంటూ వచ్చి కొత్తిమీర మడిలో పోశాడు. "అలా గుమ్మరించకు, మొలకలు లేచిపోతాయి. చేతులు అడ్డం పెట్టి పొయ్యి" అని పేరమ్మ నోరు జారింది. ఆయన చేతులు అడ్డం పెట్టి పోశాడు. రెండో కడవ భట్టు చేతికిచ్చాడు. పలుగులు పట్టుకొచ్చినవాళ్లు కూడా వాటిని కింద పడేసి, తలా ఒక మడికి నీళ్లు పట్టారు. నందనవనం పని ఆ పొద్దుతో ముగిసిందనీ, సాలెవాడ పెరళ్ల జోలికి ఇక ఎవరూ రాకూడదనీ రాజు అక్కడే అందరూ వినేలా చెప్పాడు. తోడికోడళ్లిద్దరూ అప్పటికే ఒకే తీగకు అటొకరూ ఇటొకరూ నిలబడి కాయలు కోసుకుంటున్నారు.

ఎండ బాగా పైకొచ్చాక రాజు, మాచన తిరిగి దోనె ఎక్కారు. రాజు పంచె నిండా బురద. ఒళ్లో పేరమ్మ ఇచ్చిన సొరకాయ.

"మాచనా, నిజం చెప్పు. నేను ఎన్నడూ ఆ వాడకు పోలేదు. మరి నా కలలోకి ఆ తోట ఎలా వచ్చింది?"

"ఏలినవారు పడుకునేది తూర్పు మేడలో. ఈ నెలంతా తూర్పు గాలి వీస్తోంది. ఆ పూలూ, మరువం, తడి మట్టీ అన్నీ ఏరు దాటి తమరి దిండు దాకా వచ్చాయి ప్రభూ. మిగతాది నిద్ర అల్లుకుంది."

రాజు తల పంకించాడు. ఆ సంగతి ఆయనకు నచ్చింది. "అయితే ఈ రాత్రి కూడా ఆ తోటలోకే పోతాను."

మాచన వేలు తడుపుకుని గాలిలోకి ఎత్తి చూశాడు. కొంచెం విచారంగా ముఖం పెట్టాడు.

"గాలి మళ్లింది ప్రభూ. ఇప్పుడు పడమటి నుంచి వస్తోంది. అటువైపు చేపల అంగడి ఉంది."

"ఉంటే ఏమిటి?"

"ఈ రాత్రి తమరి కలలోకి చేపలు వస్తాయి. పొద్దున్నే భట్టుగారు అది మత్స్యావతారం అంటారు. ఊరంతా ముంచి చెరువు చేయమని ముహూర్తం పెడతారు."

రాజు నవ్విన నవ్వుకు దోనె ఇటూ అటూ ఊగింది. పడవవాడు తెడ్డు వదిలి రెండు పక్కలా పట్టుకున్నాడు. నవ్వుతూనే రాజు శాలువా కింద దాగి ఉన్న తన మెడలోని ముత్యాల హారం తీసి, బురద చేతులతోనే మాచన మెడలో వేశాడు. సొరకాయను మాత్రం ఒళ్లోంచి కదల్చలేదు.

కోట చేరగానే రాజుగారు ఇచ్చిన మొదటి ఆజ్ఞ, పడమటి కిటికీలన్నీ మూయించమని.